హోటల్లో నన్ను ఎక్కడ నిలబెట్టారంటే



పోయిన వారం ఒక చెల్లి నాకు ఫోన్ చేసి అడిగింది. "అక్కా, డిగ్రీ అయిపోయింది. హైదరాబాద్‌లో రెస్టారెంట్‌లో సర్వీస్ ఉద్యోగం ఉందంట. చేరమంటావా?" అని. ఫోన్లో సగం సగం చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తే ఇంకొందరికి పనికొస్తుందని రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను పద్నాలుగు నెలలు ఆ పని చేశాను. వద్దని చెప్పను. వడ్డించడం తప్పు పని కాదు. మన ఇళ్లలో పండగ రోజు వడ్డించేవాళ్లకు ఎంత మర్యాదో మనకు తెలుసు. కానీ చేరే ముందు నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ మనల్ని ఎక్కడ నిలబెడతారో మనకు వచ్చిన పనిని చూసి తేల్చరు. ముందు ముఖం చూస్తారు, ఆడా మగా చూస్తారు, ఏ వూరని అడుగుతారు. ఆ తర్వాతే పని.

నేను కొండరెడ్ల అమ్మాయిని. మాది మారేడుమిల్లి దగ్గర కొండమీది వూరు. డిగ్రీ రంపచోడవరంలో చేశాను. బీఈడీకి డబ్బులు కూడబెట్టుకుందామని హైదరాబాద్ వచ్చాను. ఐటీ కంపెనీలున్న వైపు ఒక పెద్ద రెస్టారెంట్‌లో స్టివార్డ్ ఉద్యోగానికి వెళ్లాను. అప్లికేషన్‌లో నాన్న పేరు చివర రెడ్డి అని ఉంటుంది కదా. మేనేజర్ అది చూసి కుర్చీ చూపించాడు. "మీరు రెడ్లా? ఏ వూరండీ మీది?" అని నవ్వుతూ అడిగాడు.

"కొండరెడ్లం సార్. ఎస్టీ" అన్నాను.

"ఓ, ఏజెన్సీయా" అన్నాడు. కుర్చీలోంచి లేవమనలేదు గానీ అప్పటిదాకా ఉన్న "మీరు" అక్కడితో "నువ్వు" అయిపోయింది. "ఫ్లోర్ మీదకి కొంచెం ప్రెజెంటబుల్‌గా ఉండాలమ్మా. ముందు యూటిలిటీలో చెయ్యి, తర్వాత చూద్దాం" అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఫ్లోర్ అంటే టేబుళ్లు ఉండే హాలు. అక్కడ ఆర్డర్ తీసుకుని వడ్డించేవాళ్లు స్టివార్డ్‌లు, వాళ్ల మీద కెప్టెన్. యూటిలిటీ అంటే వెనక గిన్నెలు కడగడం, నేల తుడవడం, చెత్త బయట పెట్టడం. స్టివార్డ్‌కి అప్పుడు నెలకు 14,000, పైన టిప్పులు. యూటిలిటీకి 11,500. టిప్పు లేదు.

"ప్రెజెంటబుల్" అన్న మాటకు అర్థం నాకు మొదటి వారంలోనే తెలిసింది. ఎవరు ఎక్కడ ఉన్నారో చూస్తే చాలు. తలుపు దగ్గర నవ్వుతూ నిలబడే హోస్టెస్‌లు ఇద్దరూ ఈశాన్య రాష్ట్రాల అమ్మాయిలు. ఫ్లోర్ మీద స్టివార్డ్‌లలో ముగ్గురు తెల్లగా ఉన్న అమ్మాయిలు, మిగతా అంతా మగపిల్లలు. కెప్టెన్లు అందరూ మగవాళ్లే. వంటింట్లో వండేవాళ్లు అందరూ మగవాళ్లే. ఇంట్లో వంట ఆడవాళ్లది, జీతం వచ్చే వంట మాత్రం మగవాళ్లది! ఇక సింకు దగ్గర నేను, పాలమూరు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమ్మలు, జార్ఖండ్ సంతాల్ కుర్రాడు ఒకడు. ఇలా ఉండాలని ఎక్కడా రాసి లేదు. అడిగితే ప్రతిదానికీ ఒక మంచి కారణం చెప్తారు.

బార్ సెక్షన్ సంగతి చూడండి. అన్నిటికంటే ఎక్కువ టిప్పు వచ్చేది అక్కడే. ఫ్లోర్ మీది అమ్మాయిలకు అది ఇచ్చేవాళ్లు కాదు. కెప్టెన్‌ని అడిగితే "మీ సేఫ్టీ కోసమే చెల్లె, తాగినోళ్లు ఎట్లుంటరో నీకు తెల్వదా" అనేవాడు. అతను చెడ్డవాడు కాదు, నిజంగానే అలా అనుకునేవాడు. తర్వాత నేను చదువుకున్నాను. మందు తాగే చోట ఆడవాళ్లను పనిలో పెట్టుకోకూడదని పంజాబ్ ఎక్సైజ్ చట్టంలో ఒక సెక్షన్ ఉండేదట. ఢిల్లీలో కూడా అదే నడిచేది. 2007లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లదని చెప్పింది. కాపాడే పేరుతో ఆడవాళ్లకు ఉద్యోగం లేకుండా చేయకూడదు, వాళ్లు భయం లేకుండా పని చేసుకునేలా చూడాలి అన్నది ఆ తీర్పు సారం. మా దగ్గర మాత్రం తాగి గొడవ చేసేవాడు బార్‌లోనే ఉన్నాడు, అమ్మాయే బార్ బయట ఉంది.

సింకు దగ్గర నన్ను ఎక్కువ కష్టపెట్టింది గిన్నెలు కాదు, బొంగులు. మెనూలో "ట్రైబల్ బొంగు చికెన్" ఉండేది. మన దగ్గర బొంగు చికెన్ ఎలా చేస్తారో మీకు చెప్పక్కర్లేదు. పచ్చి వెదురు నరుక్కొచ్చి, మసాలా పట్టించిన కోడి ముక్కలు దాంట్లో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. పచ్చి వెదురులో ఉన్న తడితోనే ముక్క ఉడుకుతుంది. ఒకసారి కాల్చిన బొంగు ఇంక పనికిరాదు. అక్కడ మాత్రం కడాయిలో నూనె పోసి వండి, ఎండిపోయిన బొంగులోకి ఎక్కించి, టేబుల్ దగ్గరికి తీసుకెళ్లి అందరి ముందూ ప్లేటులో ఒంపేవాళ్లు. జనం ఫోన్లు తీసి వీడియోలు తీసుకునేవాళ్లు. ఆ బొంగు తిరిగి నా దగ్గరికి వచ్చేది. సీసా కడిగే బ్రష్ లోపల పెట్టి రుద్ది ఆరబెట్టేదాన్ని. మర్నాడు మళ్లీ అదే బొంగు. ముందర మా కొండ పేరు చెప్పి ప్లేటు అమ్ముతున్నారు, ఆ కొండ నుంచి వచ్చిన మనిషి వెనక బొంగు కడుగుతోంది. ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఏడుపొచ్చేది.

ఇప్పుడు నేను చేసిన తప్పు కూడా చెప్పాలి.

తలుపు దగ్గర ఉండే ఒక హోస్టెస్ అక్క అంటే నాకు అసూయగా ఉండేది. తెల్లగా ఉంటుంది, ఏసీలో నిలబడుతుంది, గిన్నె ముట్టుకోదు, జీతం ఎక్కువ. వెనక మేమంతా ఆమెను "చింకీ" అనేవాళ్లం. నేనూ అన్నాను. నన్ను ఎవరైనా "అడివిదానా" అంటే ఎంత మండుతుందో తెలిసి కూడా ఆ మాట అన్నాను.

ఒక రాత్రి స్టాఫ్ భోజనం దగ్గర ఆమె నా పక్కన కూర్చుంది. వచ్చీరాని తెలుగులో "నీది ఏ వూరు?" అని అడిగింది. చెప్పాను. "కొండ మీదా? మాదీ కొండే" అంది. మణిపూర్‌లో ఉఖ్రుల్ వైపట, తాంగ్‌ఖుల్ నాగా. ఫోన్లో వాళ్ల వూరు చూపించింది. మెట్లు మెట్లుగా వరి మడులు, వెనక మంచు. ఇంకో మాట అంది. "మా దగ్గర మేమూ ఎస్టీలమే." నాకు తినబుద్ధి కాలేదు. రోజూ నేను అసూయపడిన మనిషి, వెనక నుంచి వెక్కిరించిన మనిషి, మనలాగే ఎస్టీ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి.

తర్వాత ఆమె చెప్తే తెలిసింది తలుపు దగ్గర నిలబడటం ఎంత సుఖమో. రెస్టారెంట్‌లో చైనీస్ మెనూ ఉంది కాబట్టి ఆమె ముఖం అక్కడ కావాలి. వచ్చినవాళ్లు "చైనానా? నేపాలా?" అని అడుగుతారు. "ఇండియా" అంటే నమ్మరు. "రేటెంత" అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఎనిమిది గంటలు హీల్స్ మీద నిలబడాలి, ఎవడు ఏమన్నా నవ్వు తగ్గకూడదు. కరోనా టైంలో బస్సులో ఆమెను చూసి "కరోనా" అని అరిచి పక్క సీటు ఖాళీ చేశారట. 2012 ఆగస్టులో పుకార్లు లేచి బెంగళూరు నుంచి ఈశాన్య రాష్ట్రాల వాళ్లు వేలమంది రైళ్లెక్కి వెళ్లిపోయారు కదా, వాళ్ల పిన్ని ఆ రైల్లోనే ఇంటికి వెళ్లిందట. 2014లో ఢిల్లీలో నీడో తానియా అనే అరుణాచల్ కుర్రాడు ఒక షాపు దగ్గర తన జుట్టును వెక్కిరించిన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. ఆ తర్వాత కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. ఇవన్నీ ఆమెకు నోటికొచ్చు. నేను పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా చదివిన గుర్తు లేదు.

అప్పుడు అర్థమైంది. ఆమెను ముందు నిలబెట్టిందీ, నన్ను వెనక నిలబెట్టిందీ ఒకే కొలబద్ద. ఆమె గెలిచిందీ లేదు, నేను ఓడిందీ లేదు. ఇద్దరి ముఖాల మీదా ధర రాసింది వేరేవాళ్లు.

ఆరు నెలలయ్యాక ఆగస్టు వచ్చింది. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం అని మా మేనేజర్‌కి ఎవరో చెప్పారు. పది రోజులు "ట్రైబల్ ఫుడ్ ఫెస్టివల్" పెట్టాడు. నన్ను పిలిచి, "నువ్వు ఒరిజినల్ కదా, ఫ్లోర్ మీదకి రా. రోజుకి ఐదొందలు ఎక్స్‌ట్రా" అన్నాడు. ఆరు నెలలు ప్రెజెంటబుల్ కాని ముఖం ఒక్క రోజులో ఒరిజినల్ అయిపోయింది. డ్రస్సు చూపించారు. చిరుతపులి మచ్చల గుడ్డ, మెడ నిండా ప్లాస్టిక్ పూసలు, తలకి రంగు ఈకలు. మా అమ్మమ్మ కూడా అలాంటిది కట్టి ఎరగదు. పులి మచ్చల గుడ్డ మా వూళ్లో ఏ ఇంట్లోనూ లేదు.

కట్టుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఐదు వేలు అంటే నాకు అప్పుడు చాలా డబ్బు.

మూడో రోజు ఒక టేబుల్ దగ్గర బొంగు ఒంపుతుంటే ఒకాయన "థింసా ఆడు ఒకసారి" అన్నాడు. థింసా అరకు వైపు వాళ్లది, మాది కాదు సార్ అన్నాను. "తెలుగు భలే మాట్లాడుతున్నావే, ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. నేను పుట్టాక విన్న మొదటి మాట తెలుగు. అది నేను చెప్పేలోపే ఫొటో అంటూ చెయ్యి నా నడుం మీద వేశాడు. ట్రే అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాను. వాళ్లావిడ ఫోన్ పట్టుకుని "నవ్వమ్మా" అంది. నవ్వాను. దాని గురించి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి. ఎవరో పెట్టిన రీల్ వాడి ఫ్రెండ్స్ చూశారట. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "అక్కా, ఆ ఈకలు ఎవరివి? మనవి కావు కదా?" అన్నాడు. అంతే. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్లాను. "సార్, వడ్డిస్తాను. బొంగు చికెన్ మా దగ్గర ఎలా చేస్తారో టేబుల్ దగ్గర చెప్పమంటే చెప్తాను. కానీ అందరూ వేసుకునే స్టివార్డ్ యూనిఫాం ఇవ్వండి. ఈకలు పెట్టుకోను. నిన్న ఒకాయన చెయ్యి వేశాడు, దాని మీద కంప్లైంట్ ఎవరికి ఇవ్వాలి?" అని అడిగాను. గొంతు వణికింది గానీ మొత్తం చెప్పేశాను.

"కస్టమర్‌తో గొడవెందుకమ్మా. ఇష్టం లేకపోతే యూటిలిటీకి పో" అన్నాడు. హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్దామంటే హెచ్‌ఆర్ ఓనర్ గారి బావమరిది. మళ్లీ సింకు దగ్గరికి వెళ్లాను.

మేనేజర్ ఆ డ్రస్సు పట్టుకుని హోస్టెస్ అక్క దగ్గరికి వెళ్లాడు. "నువ్వు కూడా ట్రైబలే కదా" అన్నాడట. ఏడాదిగా తలుపు దగ్గర చైనా అమ్మాయిలా నిలబెట్టినప్పుడు గుర్తు రాలేదు అది. అక్క వేసుకోనంది. "నాకు మా బట్టలు ఉన్నాయి, అవి మా పండగకి కట్టుకుంటాను" అందట. ఆమె నా కోసం అన్న మాట కాదది, తన కోసం అన్నది. అయినా ఆ రోజు సింకు దగ్గర నేను ఒక్కదాన్నే అనిపించలేదు. సాయంత్రం వెళ్లి, వెనక నేనేమని పిలిచేదాన్నో ఒప్పుకుని క్షమించమన్నాను. "తెలుసు. వినబడేది" అంది. కాసేపాగి టీ తెచ్చి ఇచ్చింది.

ఫెస్టివల్ ఆగలేదు. ఈవెంట్ వాళ్లు పంపిన ఒక అమ్మాయి ఆ ఈకలు పెట్టుకుని మిగతా రోజులు నడిపించింది. మేం గెలిచామని చెప్పడానికి రాయట్లేదు ఇది. దసరాకి స్టివార్డ్‌లు ఇద్దరు మానేస్తే మనుషులు చాలక నన్ను ఫ్లోర్ మీదకి పిలిచారు. ఈసారి నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. ఆర్డర్ ఒక్కటి తప్పు రాయలేదు. నా టేబుళ్ల మీద కంప్లైంట్ రాలేదు. మారిన ముఖం నాది కాదు, అదే ముఖం. కెప్టెన్‌ని మాత్రం చెయ్యలేదు. నా తర్వాత చేరిన అబ్బాయిని చేశారు.

ఒక్క పని మాత్రం చేయగలిగాం. యూటిలిటీ వాళ్లకు టిప్పులో వాటా ఉండేది కాదు. శుభ్రమైన ప్లేటు లేకపోతే స్టివార్డ్ ఏం వడ్డిస్తాడు? అక్కా, నేనూ, ఇంకో ఇద్దరు స్టివార్డ్‌లూ కలిసి రోజూ మా టిప్పులోంచి కొంత తీసి వెనక డబ్బాలో వెయ్యడం మొదలుపెట్టాం. సంతాల్ కుర్రాడు మొదటి రోజు ఎనభై రూపాయలు చేతిలో పెట్టుకుని లెక్కపెట్టుకోవడం నాకింకా గుర్తు.

మన రాజ్యాంగం 15వ అధికరణలో, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూపించి ఎవరినీ హోటళ్లలోకి, దుకాణాల్లోకి రాకుండా ఆపకూడదని ఉంది. రెండు గ్లాసుల పద్ధతి చూసిన దేశానికి అది పెద్ద మాట. కానీ అది లోపలికి వచ్చి తినేవాళ్ల గురించి. వడ్డించేవాళ్లలో ఎవరు తలుపు దగ్గర, ఎవరు బార్‌లో, ఎవరు సింకు దగ్గర అన్నది ఇంకా మేనేజర్ కంటి చూపు మీదే నడుస్తోంది.

అందుకే చెల్లీ, నీకు చెప్పేది ఇది. చేరాలనుకుంటే చేరు. చేరే ముందు ఉద్యోగం పేరు కాగితం మీద రాయించుకో. "తర్వాత చూద్దాం" అంటే ఎప్పుడని అడుగు. టిప్పులు ఎలా పంచుతారో, రాత్రి షిఫ్ట్ అయ్యాక బండి ఇస్తారో లేదో మొదటి రోజే అడుగు. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. అది లేకపోతే జిల్లాలో స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. వేధించింది కస్టమర్ అయినా యజమాని చేతులు దులుపుకోవడానికి లేదు. ఇది నాకు అప్పుడు తెలిసి ఉంటే ఆ మూడు నెలలు పోనిచ్చేదాన్ని కాదు. నలుగురిలో కులం పేరుతో తిడితే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. తేదీ, టైం, ఎవరు చూశారు అన్నవి అదే రోజు రాసి పెట్టుకో.

ఇంకొకటి. పక్కన నిలబడ్డ మనిషిని ఏ పేరుతో పిలుస్తున్నామో మనం కూడా చూసుకోవాలి. ఆ కొలబద్దతో మనల్ని కొలిచారని బాధపడుతూ, అదే కొలబద్ద తీసుకుని పక్కవాళ్లను కొలిస్తే ఇంక మాట్లాడే హక్కు మనకెక్కడిది?

నేను ఇప్పుడు బీఈడీ రెండో సంవత్సరం. అక్క వేరే వూళ్లో పనిచేస్తోంది. మొన్న ఫోన్ చేసి, కెప్టెన్ అయ్యానని చెప్పింది. బార్ సెక్షన్ కూడా తనదేనట.

హోటళ్లలో, మాల్స్‌లో, హాస్పిటళ్లలో పనిచేసినవాళ్లు ఎవరున్నా మీకు జరిగింది కూడా రాయండి. పేరు పెట్టక్కర్లేదు. జోహార్.